విజేత పేరు లేని రెండేళ్ళు

ఈజిప్టు జాతీయ ఫుట్‌బాల్ లీగ్ 1948లో మొదలైంది. ఏ ఏడాది ఏ జట్టు నెగ్గిందో చెప్పే పట్టికలో 2011-12కు గాని, 2012-13కు గాని ఎదురుగా ఎవరి పేరూ కనిపించదు. మొదటి ఏడాది పోటీలు నడుమనే ఆగిపోయాయి. రెండో ఏడాది చివరి అంకం దాకా వచ్చి ఆగిపోయాయి. రెండుసార్లూ వినిపించిన మాట ఒక్కటే: భద్రత.

ఆ ఒక్క మాట గురించే ఈ వ్యాసం. భద్రత అన్నప్పుడు ఎవరి భద్రత? ఎవరి నుంచి భద్రత? దాన్ని కల్పించవలసిన వాళ్ళెవరు? ఈ మూడు ప్రశ్నలకూ సరైన జవాబు రాకుండానే అక్కడ ఆట మూతపడింది. ఫుట్‌బాల్ మీద ఆసక్తి లేని పాఠకులు కూడా ఈ కథను ఓపికగా చదవాలని నా కోరిక. ఎందుకంటే ఇది గోళ్ళు లెక్కపెట్టుకునే కథ కాదు. ఒక ఊరి వాళ్ళు ఇంకో ఊరికి వెళ్ళి, ఆట చూసి, క్షేమంగా ఇల్లు చేరగలరా లేదా అన్న కథ.

ఆ పట్టికలో ఖాళీలు అంతకు ముందూ ఉన్నాయి. 1967 జూన్ యుద్ధం తర్వాత ఈజిప్టులో లీగ్ కొన్నేళ్ళపాటు జరగలేదు. 1973 అక్టోబరు యుద్ధంతో ఆ ఏటి పోటీలు అర్ధాంతరంగా ముగిశాయి. 1989-90లో మాత్రం కారణం వేరు. ఇటలీలో జరగబోయే ప్రపంచ కప్పుకు జాతీయ జట్టును తయారు చేసుకోవాలని లీగ్‌నే ఆపేశారు. యుద్ధమైనా, ప్రపంచ కప్పయినా బయటికి కనిపించే కారణాలు. 2012లో ఏ శత్రుసైన్యమూ సరిహద్దు దాటలేదు. ప్రమాదం దేశం లోపలే, ఒక స్టేడియం గోడల మధ్యనే పుట్టింది.

రేవు ఊరూ, రాజధానీ

సూయెజ్ కాలువ తవ్వకం 1859లో మధ్యధరా తీరాన మొదలైంది. ఆ తవ్వకంతోపాటే పుట్టిన ఊరు పోర్ట్ సయీద్. అప్పటి పాలకుడు సయీద్ పాషా పేరే ఆ రేవుకు పెట్టారు. 1869లో కాలువ తెరిచాక మన దేశం నుంచి ఓడలో సీమకు వెళ్ళే ప్రతి ప్రయాణికుడికీ ఆ రేవు పరిచయమే. సూయెజ్ దగ్గర కాలువలో ప్రవేశించిన ఓడ మధ్యధరా సముద్రంలోకి బయటపడేది అక్కడే. కాలువ కంపెనీ విదేశీయులది, రేవులో పెత్తనం విదేశీయులది, వాళ్ళ ఆటపాటల సంఘాలూ వాళ్ళవే. అలాంటి ఊళ్ళో 1920లో స్థానికులు తమకంటూ ఒక జట్టు పెట్టుకుని దానికి అల్ మస్రీ అని పేరు పెట్టారు. ఆ మాటకు అర్థం ‘ఈజిప్టువాడు’. బ్రిటిష్ పెత్తనం మీద 1919లో దేశమంతా తిరగబడిన మరుసటి ఏడాది అది.

కైరోలో అంతకు ముందే, 1907లో, అల్ అహ్లీ వెలిసింది. అహ్లీ అంటే ‘జాతీయ’ అని అర్థం. ఆ సంఘం కూడా విదేశీ పెత్తనానికి ఎదురుగా ఈజిప్టు విద్యార్థుల కోసం పుట్టినదే. లీగ్‌ను అందరికన్నా ఎక్కువసార్లు గెలిచింది అదే. 2000లో ఆఫ్రికా ఫుట్‌బాల్ సమాఖ్య దాన్ని శతాబ్దపు మేటి సంఘంగా ప్రకటించింది. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఒక జట్టు పేరు ‘ఈజిప్టువాడు’, రెండో జట్టు పేరు ‘జాతీయ’. రెండూ ఒకే అభిమానంలోంచి వచ్చిన పేర్లు.

అయినా రేవు ఊరికీ రాజధానికీ మధ్య ఒక ఎడం పెరుగుతూ వచ్చింది. 1956లో నాసర్ కాలువను జాతీయం చేసినప్పుడు బ్రిటన్, ఫ్రాన్సు సేనలు దిగింది పోర్ట్ సయీద్‌లోనే. బాంబులు పడింది ఆ ఊరి ఇళ్ళ మీదే. 1967 తర్వాత కాలువ ఒడ్డున ఉన్న పట్టణాల వాళ్ళు ఇళ్ళు ఖాళీ చేసి దేశంలో నలుమూలలా తలదాచుకున్నారు. కాలువలో ఓడలు మళ్ళీ తిరిగింది 1975లో. ఆ తర్వాత పోర్ట్ సయీద్‌కు సుంకాలు లేని వ్యాపార మండలంగా కొన్ని సౌకర్యాలు వచ్చాయి. కొన్నేళ్ళకు వాటికీ కోత పడింది. దేశం కోసం దెబ్బలు తిన్నది తాము, బాగుపడింది రాజధాని అన్న మాట ఆ ఊళ్ళో కొత్తది కాదు. కైరో జట్టు ఆటకు వచ్చిన ప్రతిసారీ ఆ మాటకు గొంతు వచ్చేది.

మెట్ల మీది కుర్రాళ్ళు

ఈ కథలో ఇంకో పక్షం ఉంది. 2007లో అహ్లీ అభిమానుల్లో యువకులు కొందరు ‘అల్ట్రాస్ అహ్లావీ’ అని ఒక బృందంగా ఏర్పడ్డారు. ఆ ఏడాదే జమాలెక్ జట్టుకూ అలాంటి బృందం తయారైంది. డప్పులు, పాటలు, పెద్ద పెద్ద జెండాలు, రంగు మంటలు వీళ్ళ గుర్తులు. ఏ రాజకీయ పార్టీకీ చెందినవాళ్ళు కారు. కాని నలుగురు గుమిగూడితేనే అనుమానించే పాలనలో వేలమంది కుర్రాళ్ళు వారం వారం ఒకచోట చేరి ఒకే గొంతుతో అరవడమే పోలీసులకు కంటగింపయింది. తనిఖీలు, లాఠీలు, అరెస్టులు వాళ్ళకు అలవాటయ్యాయి.

2011 జనవరి 25న ముబారక్ పాలన మీద జనం వీధుల్లోకి వచ్చినప్పుడు లాఠీకి ఎదురు నిలవడం తెలిసినవాళ్ళుగా ఈ కుర్రాళ్ళు ముందు వరసలో కనిపించారు. ఫిబ్రవరి 2న తహ్రీర్ చౌకులోని జనం మీదికి ఒంటెల మీద, గుర్రాల మీద దూసుకొచ్చిన వాళ్ళను అడ్డుకున్నవారిలో వీళ్ళూ ఉన్నారు. ఫిబ్రవరి 11న ముబారక్ దిగిపోయాడు. అధికారం సైనిక మండలి చేతికి వచ్చింది. ఆగిన లీగ్ ఏప్రిల్‌లో తిరిగి మొదలై, అహ్లీ గెలుపుతో ముగిసింది. కాని మెట్ల మీద నినాదాలు ఆగలేదు. నిన్న ముబారక్ మీద అరిచిన గొంతులు ఇవాళ సైనిక పాలన మీద అరవసాగాయి.

ఫిబ్రవరి ఒకటి

ఒంటెల దాడి జరిగి ఏడాది నిండడానికి ఒక్కరోజు ముందు, 2012 ఫిబ్రవరి 1న, అహ్లీ జట్టు పోర్ట్ సయీద్‌లో మస్రీతో ఆడింది. మస్రీ 3-1తో గెలిచింది. గెలిచిన జట్టు అభిమానులు సంబరం చేసుకుంటారని ఎవరైనా అనుకుంటారు. రిఫరీ ఆఖరి ఈల వేయగానే వందలాది మంది మైదానంలోకి దూకి అహ్లీ ఆటగాళ్ళ మీదికీ, అవతలి వైపు కూర్చున్న అతిథి అభిమానుల మీదికీ ఉరికారు. కొందరి చేతుల్లో కత్తులు, కర్రలు ఉన్నాయి. పోలీసులు వరసగా నిలబడి చూస్తుండగా జనం వాళ్ళ పక్కనుంచే పరుగెత్తడం టీవీ తెర మీద దేశమంతా చూసింది. స్టేడియం దీపాలు ఆరిపోయాయి. అతిథుల గ్యాలరీ నుంచి బయటపడే ద్వారం మూసి ఉంది. ఆ ద్వారం దగ్గర, ఆ చీకట్లో, ఒకరి మీద ఒకరు పడి ఊపిరాడక పోయినవాళ్ళు ఎందరో. కొందరు కత్తిపోట్లకు, కొందరు మెట్ల పైనుంచి కింద పడి చనిపోయారు.

చనిపోయినవారు 74 మంది అని ప్రకటించారు. అహ్లీ అభిమానులు ఏటా తలుచుకునే సంఖ్య 72. గాయపడ్డవారు వందల్లో ఉన్నారు. ఆటగాళ్ళు బట్టలు మార్చుకునే గదే ఆ రాత్రి ఆస్పత్రి అయింది. ఒక అభిమాని అక్కడే, ప్రఖ్యాత ఆటగాడు మొహమ్మద్ అబూ త్రీకా కళ్ళెదుట ప్రాణం విడిచాడు. ఇది ఆట కాదు, యుద్ధం అని ఆయన ఆ రాత్రే టీవీకి ఫోనులో చెప్పాడు. ఆయనా, మరి ఇద్దరు సహ ఆటగాళ్ళూ ఇక ఆడబోమని ప్రకటించారు. తర్వాత మనసు మార్చుకున్నారు గాని, ఆ రాత్రి ఆ మాట అనకుండా ఉండగలిగేవాళ్ళెవరు?

అదే సాయంత్రం కైరోలో జమాలెక్, ఇస్మాయిలీ జట్లు ఆడుతున్నాయి. కబురు తెలియగానే ఆ ఆట ఆపేశారు. ఆటగాళ్ళను సైనిక విమానంలో కైరో తీసుకొచ్చారు. అభిమానులు రైల్లో వచ్చారు. రాంసెస్ స్టేషనులో తల్లులూ తండ్రులూ ప్లాట్‌ఫారం మీద నిలబడి, దిగేవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూసుకున్నారు.

మర్నాడు పార్లమెంటు అత్యవసరంగా సమావేశమైంది. ఫుట్‌బాల్ సంఘం పాలకవర్గాన్ని రద్దు చేశారు. పోర్ట్ సయీద్ గవర్నరు పదవి వదిలాడు. విచారణకు వెళ్ళిన పార్లమెంటు సభ్యుల బృందం అభిమానులతోపాటు పోలీసుల అలసత్వాన్నీ తప్పు పట్టింది. అహ్లీ అభిమానులు మాత్రం అలసత్వం అన్న మాటను ఒప్పుకోలేదు. తహ్రీర్‌లో ముందు నిలిచినందుకు తమ మీద తీర్చుకున్న పగ ఇది అన్నారు. కైరోలో హోం మంత్రిత్వశాఖ దగ్గర రోజుల తరబడి ఘర్షణలు జరిగాయి. అక్కడా ప్రాణాలు పోయాయి. పగా, అలసత్వమా అన్నది నేను తేల్చగలిగింది కాదు. కాని ద్వారం తెరిచి ఉంచడం, లోపలికి వచ్చేవాళ్ళను తనిఖీ చేయడం, రెండు గుంపుల మధ్య నిలబడడం — ఈ మూడూ బందోబస్తుకు వచ్చినవాళ్ళ పనులే. ఆ మూడింటిలో ఏదీ ఆ రాత్రి సరిగా జరగలేదు.

ఆగిన పోటీలు

2012 మార్చి 10న ఆ ఏటి లీగ్‌ను పూర్తిగా రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. ఆ ఏడాది 19 జట్లు ఉన్నాయి. ఒక్కో జట్టు మిగిలిన ప్రతి జట్టుతోనూ సొంత ఊళ్ళో ఒకసారి, వాళ్ళ ఊళ్ళో ఒకసారి ఆడాలి. అంటే మొత్తం 342 ఆటలు. లీగ్ అంటే ఈ జాబితాయే. కాని జాబితా వెనక ఒక ఒప్పందం ఉంది. నేను నీ ఊరు వస్తాను, నువ్వు నన్ను కాపాడాలి. రేపు నువ్వు నా ఊరు వస్తావు, నేను నిన్ను కాపాడతాను. ఆ ఒప్పందం తెగాక జాబితా ఉత్త కాగితం.

ఆ 19 జట్లలో ఒకటి పోలీసు శాఖది. సైన్యానికీ, సరిహద్దు దళానికీ చెందిన జట్లూ ఉన్నాయి. చమురు సంస్థల జట్లూ ఉన్నాయి. ఆటగాడూ ప్రభుత్వమే, కావలివాడూ ప్రభుత్వమే, పోటీ జరగాలో ఆగాలో చెప్పేదీ ప్రభుత్వమే. ఇన్ని పాత్రలు ఒకరే వేసినప్పుడు, తప్పు ఎవరిదని అడిగితే వేలు ఎటు చూపించాలో తెలియదు. ‘భద్రతా కారణాలు’ అన్న మాట అలాంటప్పుడు చాలా సౌకర్యంగా ఉంటుంది. అందులో కర్త ఉండడు.

మస్రీ మీద నిషేధం విధించారు. దానికి పోర్ట్ సయీద్ భగ్గుమంది. ఆ అలజడిలో ఒక కుర్రవాడు చనిపోయాడు. హంతకులు కొందరైతే ఊరంతటినీ వెలివేస్తారా అన్నది వాళ్ళ వాదన. చంపినవాళ్ళను వెనకేసుకొస్తారా అన్నది కైరో వాదన. పిల్లలు పోయిన ఇళ్ళ దుఃఖాన్ని ఎవరూ కాదనలేరు. అయితే ఒక ఊరి పేరే నేరం పేరుగా మారిపోతే ఆ ఊళ్ళో పుట్టినవాడికి కలిగే బాధ కూడా అబద్ధం కాదు.

లీగ్ ఆగితే ఆడేవాళ్ళ గతేమిటి? పెద్ద జట్లకు పైపోటీలు ఉన్నాయి. చిన్న జట్ల కుర్రాళ్ళకు ఆ ఏడాది పోయినట్టే. ఒక్కరి విషయంలో మాత్రం ఒక తలుపు మూతపడి మరొకటి తెరుచుకుంది. కైరోలోని అరబ్ కాంట్రాక్టర్స్ జట్టుకు ఆడుతున్న పంతొమ్మిదేళ్ళ మొహమ్మద్ సలా మీద స్విట్జర్లాండులోని బాసెల్ జట్టు కన్నేసి ఉంది. ఈజిప్టులో ఆటలు లేవు కాబట్టి, మార్చి 16న ఈజిప్టు 23 ఏళ్ళలోపు జట్టును తమ ఊరికే పిలిచి స్నేహపూర్వకంగా ఆడింది. సలా రెండో సగంలో దిగి రెండు గోళ్ళు కొట్టాడు. వచ్చే నెలలోనే ఒప్పందం కుదిరింది. ఆ తర్వాతి కథ లోకానికి తెలుసు. కాని ఆ తలుపు తెరుచుకోనివాళ్ళు వందల్లో ఉన్నారు. వాళ్ళ కథ ఎవరికీ తెలియదు.

రెండో ఏడు

2012-13 లీగ్ మొదలుపెట్టే తేదీ మాటిమాటికీ వాయిదా పడింది. చనిపోయినవాళ్ళకు న్యాయం జరగందే ఆట లేదని అల్ట్రాస్ పట్టుబట్టారు. సెప్టెంబరులో సూపర్ కప్పు పోటీ ప్రేక్షకులు లేకుండా జరిగితే, అబూ త్రీకా అందులో ఆడడానికి నిరాకరించి జరిమానా కట్టాడు.

2013 జనవరి 26న కైరో కోర్టు 21 మందికి మరణశిక్ష సూచించింది. కైరోలో అహ్లీ సంఘం దగ్గర ఆనందంతో కేకలు వేశారు. అదే గంటలో పోర్ట్ సయీద్ జైలు దగ్గర కాల్పులు మొదలయ్యాయి. అక్కడ చనిపోయినవారి సంఖ్య ముప్ఫై దాటింది. అధ్యక్షుడు ముర్సీ కాలువ ఒడ్డున ఉన్న మూడు పట్టణాల్లో అత్యవసర పరిస్థితి, రాత్రి కర్ఫ్యూ ప్రకటించాడు. జనం కర్ఫ్యూను ఎలా ధిక్కరించారో తెలుసా? రాత్రిపూట వీధుల్లోకి వచ్చి ఫుట్‌బాల్ ఆడారు. స్టేడియంలో ఆడడానికి వీల్లేని దేశంలో, కర్ఫ్యూ వేళ, నడివీధిలో ఆట జరిగింది. ఈ చరిత్ర అంతటిలో నా మనసుకు బాగా పట్టిన సంగతి ఇదే.

మార్చి 9న తుది తీర్పు వచ్చింది. 21 మరణశిక్షలు ఖాయమయ్యాయి. నిందితులైన తొమ్మిదిమంది పోలీసు అధికారుల్లో ఏడుగురు విడుదలయ్యారు, ఇద్దరికి 15 ఏళ్ళ శిక్ష పడింది. ఆ రోజు కైరోలో ఫుట్‌బాల్ సంఘం కార్యాలయం తగలబడింది. తర్వాత పునర్విచారణ జరిగింది. చివరికి 2017 ఫిబ్రవరిలో పై కోర్టు పదిమందికి మరణశిక్షను ఖరారు చేసింది.

ఈలోగా ఫిబ్రవరిలో ఎలాగో మొదలైన లీగ్‌ను రెండు వర్గాలుగా చీల్చి, ప్రేక్షకులను రానివ్వకుండా నడిపారు. విజేతను తేల్చే చివరి పోటీలు మిగిలి ఉండగానే జూలై 3న సైన్యం ముర్సీని దించింది. ఆ ఏటి లీగ్ కూడా రద్దయింది.

ఖాళీ మెట్లు

దేశంలో లీగ్ లేని ఆ రెండేళ్ళలోనే అహ్లీ ఆఫ్రికా విజేతల పోటీ రెండుసార్లు గెలిచింది. 2012 నవంబరులో ట్యునీసియా జట్టు ఎస్పరాన్స్‌ను వాళ్ళ ఊళ్ళోనే 2-1తో ఓడించింది. 2013లో దక్షిణాఫ్రికా జట్టు ఆర్లాండో పైరేట్స్ మీద నెగ్గింది. ఇది చూసి, లీగ్ ఆగినా నష్టం లేదనుకున్నవాళ్ళుంటే జాతీయ జట్టు వైపు చూడాలి. 2006, 2008, 2010 వరసగా మూడుసార్లు ఆఫ్రికా కప్పు గెలిచిన ఈజిప్టు 2012, 2013, 2015 పోటీలకు అర్హతే పొందలేకపోయింది. 2013 అక్టోబరులో ప్రపంచ కప్పు అర్హత పోటీలో ఘనా చేతిలో 6-1తో చిత్తయింది. ఒక తరం ఆటగాళ్ళు పోటీ లేక మొద్దుబారారు.

ప్రేక్షకుల్లేని ఆట కొన్నేళ్ళపాటు అక్కడ మామూలైపోయింది. 2015 ఫిబ్రవరి 8న కైరోలో వైమానిక రక్షణ దళం స్టేడియంలో జమాలెక్ ఆటకు కొద్దిమందిని రానిచ్చారు. లోపలికి వెళ్ళే దారి ఇనుప కంచెల మధ్య ఇరుకు సందు. తోపులాట, బాష్పవాయువు, తొక్కిసలాట. ఇరవైమంది దాకా చనిపోయారు. బయట శవాలుండగానే లోపల ఆట జరిగింది. లీగ్ మళ్ళీ కొన్ని వారాలు ఆగి, మళ్ళీ ఖాళీ మెట్ల ముందు మొదలైంది. ఆ మే నెలలో కోర్టు అల్ట్రాస్ బృందాలను నిషేధించింది. 2018లో అహ్లీ బృందం తనంతట తానే రద్దయింది. మూసిన ద్వారం దగ్గర పోయిన ప్రాణాల నుంచి ప్రభుత్వం నేర్చిన పాఠం, ద్వారం వెడల్పు చేయాలని కాదు. జనాన్ని ద్వారం దాకా రానివ్వకూడదని.

భద్రత లేక లీగ్ ఆగిన దేశం ఈజిప్టు ఒక్కటే కాదు. ఇరాక్‌లో 2014 జూన్‌లో మోసుల్ నగరం తీవ్రవాదుల వశమైనప్పుడు అక్కడి లీగ్ ఆగింది. అప్పటికి పట్టికలో పైన ఉన్న జట్టునే విజేతగా ప్రకటించారు. దాని పేరు అల్ షోర్తా, అంటే ‘పోలీసు’. అక్కడ ముంచుకొచ్చింది నిజంగా యుద్ధం. మన దేశంలో 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఆట నడుమ గొడవ రేగి, తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. ఆ ఊరు వాళ్ళను మరవలేదు. ఏటా ఆ రోజున వాళ్ళ పేరిట రక్తదానం చేస్తారు. రెండు జట్ల అభిమానులూ ఒకే వరసలో కూర్చుని చేతులు చాపుతారు.

ఈ పత్రిక పాఠకుల్లో చాలామందిమి బరంపురంలోనో, షోలాపూరులోనో, కోలారులోనో తరతరాలుగా ఉంటున్నవాళ్ళం. ఎదుటివాళ్ళ ఊళ్ళో మన జెండా పట్టుకుని కూర్చోవడమంటే ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ కూర్చోవడానికి కావలసింది కోటగోడలు కావు. వెళ్ళిపోదలచినప్పుడు తెరుచుకునే తలుపు. ఆ రాత్రి పోర్ట్ సయీద్‌లో ఆ తలుపు తెరుచుకుని ఉంటే పట్టికలో ఒక జట్టు పేరు ఉండేది. దానికన్నా ముఖ్యంగా, ఇవాళ ముప్ఫయ్యో పడిలో ఉండవలసిన ఎందరో కుర్రాళ్ళు వాళ్ళ వాళ్ళ ఇళ్ళలో ఉండేవాళ్ళు. ఇంకెక్కడైనా, ఇంకెప్పుడైనా ‘భద్రతా కారణాల వల్ల’ అన్న ప్రకటన వెలువడితే, ఆట ఎప్పుడు మళ్ళీ మొదలవుతుందని అడిగే ముందు, ఆ తలుపు తాళంచెవి ఎవరి దగ్గర ఉందని అడగాలి.